మోగని కొమ్ము

జనవరి 30, శుక్రవారం

డైరీ కొని నెల అయింది, ఈ రోజు చేతికి తీరిక దొరికింది. ఇంట్లో మేము మాట్లాడేది దక్కనీ, నేను రాసేది తెలుగు. కారణం ఒక్కటే. మా చెల్లెలు హుస్నాకు తెలుగు చదవడం రాదు. ఇంతకంటే మంచి తాళం ఆర్మూర్ బజార్లో దొరకదు.

ఈ రోజు 'మూడో అంతస్తు' వాళ్ల ఆల్బం వచ్చింది. పేరు 'లిఫ్ట్ పనిచేయదు'. హైదరాబాద్ పిల్లలు నలుగురు. నెల రోజులుగా ఒకటే ఊదర, తెలుగులో ఇండీ పాటంటే ఇక ఇదేనని. మిల్లులో పసుపు పాలిష్ డ్రమ్ము తిరుగుతుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. డ్రమ్ము మోత మీదికి పాట రావాలంటే సౌండ్ మొత్తం పెంచాలి. పదిహేనేళ్లుగా పెంచుతూనే ఉన్నాను.

మోగింది! నా పేజీలో అలాగే పెట్టాను.

'పసుపు చెవి' పేజీ తెలియని ఇండీ పిచ్చోళ్లు ఈ రాష్ట్రంలో లేరు. నేను స్టార్లు ఇవ్వను, మార్కులు వేయను. మోగింది, మోగలేదు, రెండే మాటలు. అవి మా నాన్న ఇనాయత్ మాటలు, మేము అబ్బా అంటాం. బాగా ఎండిన పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిస్తే కంచు గిన్నెను గోటితో కొట్టినట్టు సన్నగా మోగుతుంది. పచ్చిది టప్పుమని ఊరుకుంటుంది. పచ్చి పసుపును డ్రమ్ములో వేస్తే పాలిష్ రాకపోగా సరుకు నలిగి పాడవుతుంది. అందుకే మా మిల్లుకు ఎవరు తెచ్చినా ముందు కొమ్ము విరవాలి, ఆ తర్వాతే డ్రమ్ము. అబ్బాకు ఆయాసం వచ్చి కుర్చీకి అంటుకున్నప్పటి నుంచి ఆ విరిచే చెయ్యి, వినే చెవి నావే. వేల్పూర్ రైతులూ ఏర్గట్ల రైతులూ నా మాటకు ఎదురు చెప్పరు.

కళ్లు మూసుకునే విరుస్తాను. చూసి చెప్పడం ఎవరికైనా వస్తుంది.

ఫిబ్రవరి 1

'లిఫ్ట్' మళ్లీ విన్నాను. అంత లేదు.

ఫిబ్రవరి 3

మూడోసారి. లేదు, మోగలేదు. తాళాలు గోనెపట్టా కింద నుంచి కొట్టినట్టున్నాయి. పాడే అమ్మాయి నోట్లో బట్ట కుక్కుకుని పాడినట్టుంది, 'స' ఏదో 'హ' ఏదో తెలియదు. పేరు గొప్ప ఊరు దిబ్బ.

పేజీలో మాట మార్చాను. ఇన్నేళ్లలో మొదటిసారి. ఎవరో కుర్రాడు కింద రాశాడు, శుక్రవారం మోగింది మంగళవారానికి పగిలిందా అని. మాట మారడం కాదురా, చెవి పదునెక్కడం అని జవాబిచ్చాను. లైకులే లైకులు.

ఫిబ్రవరి 6

భీమ్‌గల్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. స్వర్ణ అని. పాటలు కట్టుకుని పాడుకుంటుందట. ఆల్బం పూర్తయింది, ఒక్క పాటకు ఏదో చప్పుడు కావాలట. చేతిలో అరచేతి అంత రికార్డర్, దానికి బొచ్చు టోపీ.

"అక్కా, నేను పసుపు చెవి ఫాలో అయితా. నీతోని మాట్లాడాలె."

"ఆల్బం వచ్చినంక మాట్లాడుకుందాం. ముందుగాల మాట్లాడితే నా మాటకు ఇజ్జతి ఏముంటది?"

ఆమె నవ్వి అబ్బా కుర్చీ దగ్గరికి పోయింది. మధ్యాహ్నం కరెంటు పోయి డ్రమ్ము ఆగినప్పుడు ఇద్దరూ కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను బస్తాలు దింపించే పనిలో ఉన్నాను. మైకు బొచ్చు పసుపు పట్టి కోడిపిల్లలా అయింది. అది మాత్రం చూసి నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

బెంగళూరులో ఉండే మన పిల్లల బ్యాండు 'నిద్రగోలీ'. ఆల్బం 'సగం ఛార్జింగ్'. ఇదీ దుప్పటి కప్పుకుని ఉంది. అందరూ ఒకే జబ్బుతో మిక్సింగ్ చేస్తున్నారు. గిటారు తీగ మీద వేలు జారే చప్పుడు లేదు, గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు లేదు. అంతా మెత్తన. అన్నం పలుకు లేకుండా మెతుకంతా ముద్ద చేసి పెట్టినట్టు.

దీనికి 'దుప్పటి మిక్సింగ్' అని పేరు పెట్టి పెద్ద పోస్టు రాశాను. సాయంత్రానికి ఎన్ని షేర్లో. ఎవరో హైదరాబాద్ రేడియో ఆయన కూడా ఆ మాట వాడాడు. ఆర్మూర్ మిల్లులో కూర్చుని నేను పెట్టిన పేరు! అబ్బాకు చెప్పాను. ఆయన అటు తిరిగి ఏదో అన్నాడు. ఈ మధ్య అబ్బా అటు తిరిగి మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు. అసలే ఆయాసం వచ్చాక ఆయన మాట సగం గాలి. ఇటు చూసి చెప్పు అని కసిరాను.

"బాగుందంటున్న బేటా," అన్నాడు.

ఫిబ్రవరి 16

అక్కనని కూడా చూడకుండా హుస్నా గొడవ. "ఆపా, టీవీ మనకా పక్కింటోళ్లకా?"

టీవీ వాళ్లు కూడా దుప్పట్లోనే మాట్లాడుతున్నారు, నేనేం చేయను.

ఫిబ్రవరి 17

నా కాలేజీ రోజుల ఆల్బం ఒకటి ఉంది. ఏ కొత్తది విన్నా దాని పక్కన పెట్టి చూస్తాను, అది నా గీటురాయి. అందులో మూడో పాట చివర ఎక్కడో సైకిల్ గంట ఒకసారి మోగుతుంది. ఈ రోజు విన్నాను. గంట లేదు.

యాప్ వాళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి పాటలను పిండేస్తున్నారు. పిండితే ముందు పోయేవి ఇలాంటి సన్న చప్పుళ్లే. దీని మీద కూడా రాయాలి.

ఫిబ్రవరి 20

కొత్త హెడ్‌ఫోన్స్ వచ్చాయి. ఇవీ అంతే. గంట లేదు.

రాయలేదు. రంజాన్ రోజాలు మొదలయ్యాయి, ఓపిక లేదు.

ఫిబ్రవరి 24

కోపం ఇంకా దిగలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఏర్గట్ల భీమవ్వ ట్రాక్టర్ నిండా పసుపు తెచ్చింది. భీమవ్వ అంటే మాటలు కాదు. మొగుడు పోయినప్పటి నుంచి సేద్యం ఒంటి చేత్తో లాగిన మనిషి. ఆమె పసుపు ఉడకబెట్టిన రోజు పొరుగు రైతులు వచ్చి చూసి పోతారు. నేను కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి మధ్యలోంచి కొమ్ము తీశాను. కళ్లు మూసుకుని విరిచాను. టప్పుమంది. ఇంకొకటి తీశాను. అదీ టప్పే.

"పచ్చిగున్నది భీమవ్వా. ఇంకొన్ని దినాలు ఎండబొయ్యి."

ఆమె ముఖం చూడాలి. "ఏందీ? నా పసుపు పచ్చిగున్నదా?"

"నా చెవికి మోగలే."

"నీ చెవే మొక్కజొన్న చేన్ల వడిపోయినట్టున్నది గని, నా పసుపు మోగకపోవుడేంది? ఇను!" అని ఆమె ఒక కొమ్ము నా చెవి దగ్గరే ఫట్టున విరిచింది. అక్కడున్న వాళ్లంతా నా వైపు చూశారు. హమాలీలు, ట్రాక్టర్ డ్రైవరు, అందరూ. ఎందుకు చూశారో నాకు తెలియలేదు.

"టప్పన్నది," అన్నాను.

అబ్బా కుర్చీలోంచి చెయ్యి ఊపాడు. "బేటా, జర ఇంకోటి విరువు."

"ఎన్ని విరిచినా గంతే."

భీమవ్వ విరిగిన ముక్కను నా అరచేతిలో పెట్టింది. "సూడు. కండ్లు దెరిసి సూడు. లోపట ఎట్ల మెరుస్తున్నదో. నీ తండ్రి ముప్పై ఏండ్ల సంది నా పసుపు విరిచిండు. ఒక్కనాడు పచ్చి అనలే." చూడకుండా పారేశాను. కళ్లతో చెప్పే పరీక్ష మా మిల్లులో లేదు అన్నాను. ఆమె ట్రాక్టర్ తిప్పించుకుని వేల్పూర్ మిల్లుకు పోయింది.

ఇఫ్తార్ దగ్గర అబ్బా ఖర్జూరం అందించాడు. పాపం, ఆయనకు వయసు మీద పడింది. కుర్చీ అంత దూరంలో ఉంది, పచ్చికీ ఎండుకూ తేడా ఆయనకెలా తెలుస్తుంది. చెవి తగ్గిందేమో. అడిగితే బాధపడతాడని అడగలేదు.

ఫిబ్రవరి 26

భీమవ్వ పసుపు వేల్పూర్‌లో నిన్ననే డ్రమ్ము ఎక్కిందట. బంగారంలా వచ్చిందట. చెప్పిన హమాలీని పనిలోకి పొమ్మన్నాను.

మార్చి 2

అబ్బా కుర్చీ కుప్ప పక్కకు వేయించుకున్నాడు. దుమ్ము పడదని ఎంత చెప్పినా వినడు. రైతు వస్తే ముందు ఆయనే విరుస్తున్నాడు. ఆ తర్వాత నాకు ఇస్తున్నాడు, మర్యాదకు. ఆయన దగ్గుతుంటే ఆ రైతుల ముందు నాకు తల కొట్టేసినట్టుంది.

మార్చి 13, శుక్రవారం

స్వర్ణ ఆల్బం వచ్చింది. 'ఎండబోసినవి'. ఎక్కడ చూసినా అదే. నిజామాబాద్ మట్టిలోంచి ఇలాంటిది రాలేదంటున్నారు, హైదరాబాద్ వాళ్లు కూడా మెచ్చుకుంటున్నారు. మిక్సింగ్ చేసింది మా సాయిప్రసాద్. నిజామాబాద్‌లో పెళ్లిళ్లకు సౌండ్ పెడతాడు, నా పేజీకి మొదటి నుంచి చదువరి, నన్ను అక్కా అంటాడు. అందుకే ఇంకా గట్టిగా విన్నాను. తెలిసిన వాళ్లని వదిలేస్తే నా మాటకు విలువేముంది.

అమ్మాయి గొంతు మంచిది. కింది స్థాయిలో పాడినప్పుడు మన్నులా బరువుగా ఉంది. కానీ ఆరో పాట 'కల్లం' చూడండి. సగం దాకా పాడి ఆపేసింది. ఆ తర్వాత రెండు నిమిషాలు ఏమీ లేదు. గాలి. ఎక్కడో గుసగుస. మళ్లీ పాట. అందరూ ఈ పాటకే ఏడ్చామని రాస్తున్నారు. ఖాళీ రెండు నిమిషాలకు ఏడ్చేంత తీరిక నాకు లేదు. ఇంత పెద్ద పోస్టు రాశాను: 'ఏమీ లేనిచోట కళ ఉందని నమ్మడానికి నా చెవిలో పువ్వు లేదు, పసుపు ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడానికి అంత తంటా ఎందుకన్నాడట. ఈ ఆల్బంకు చప్పట్లు కొట్టే వాళ్లది అదే వరస. మోగలేదు.'

రాసి చాలా తృప్తిగా అనిపించింది. చాలా రోజుల తర్వాత నా మాటకు నా పదును వచ్చింది.

మార్చి 14

పేజీలో తిట్లు వస్తాయనుకున్నాను. రాలేదు. ఆర్మూర్ వాళ్లెవరూ ఒక్క మాట రాయలేదు. ఎప్పుడూ నాతో పోట్లాడే వాళ్లు కూడా నోరు మెదపలేదు. తిడితే బాగుండేది.

మధ్యాహ్నం సాయిప్రసాద్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఆరో పాట పూర్తిగ ఇన్నవా?"

"నేను సగం ఇని రాసేదాన్నా?"

"నడుమల ఉన్నది ఇనబడలేదా?"

"ఏమున్నది? గాలున్నది."

అతను నెమ్మదిగా అన్నాడు, "అక్కా, గవి పసుపు కొమ్ములు. మీ మిల్లుల రికార్డు చేసింది స్వర్ణ. విరుగుతుంటే మోగుతున్నయి గద, గదే తాళం. గా కొమ్ముల మీదనే పాట మల్ల లేస్తది. ఇంకోటి గూడ ఉన్నది..."

ఫోన్ పెట్టేశాను.

హుస్నాను పిలిచాను. కారణం చెప్పకుండా పాట పెట్టి ఆ రెండు నిమిషాలూ వినమన్నాను. ఏదైనా వినిపిస్తే బల్ల మీద వేలితో కొట్టమన్నాను. అది చెంప కింద చెయ్యి పెట్టుకుని వింటూ వేలు ఆడించింది. కొట్టింది. ఆగింది. మళ్లీ కొట్టింది. మధ్యలో రెండుసార్లు వెంటవెంటనే. మంచి తాళం. చూస్తుంటేనే తెలుస్తోంది మంచి తాళమని. నేను దాని వేలినే చూస్తున్నాను, నా చెవుల్లో గాలి మాత్రమే ఉంది.

పాట అయ్యేసరికి హుస్నా కళ్ల నిండా నీళ్లు.

"ఎందుకు ఏడుస్తున్నవ్?"

"నేను చెప్ప. గది నువ్వే వినాలె ఆపా."

మార్చి 15

పసుపు కొమ్ము చప్పుడు తెలియని దాన్ని పసుపు చెవి అంటున్నారు. ఊరు ఊరంతా విన్నది. నేను వినలేదు. పైగా వాళ్లని చెవిటివాళ్లన్నాను.

భీమవ్వ పసుపు ఎండింది. ఆ రోజు అందరూ నా వైపు ఎందుకు చూశారో ఇప్పుడు తెలిసింది.

మార్చి 17

భయంగా ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను. నాకున్నది ఈ చెవి ఒక్కటే. అందం లేదు, పెద్ద చదువు లేదు. ముప్పై అయిదేళ్లు వచ్చినా పెళ్లెందుకు కాలేదని అడిగే వాళ్లకు డ్రమ్ము మోతే నా జవాబు. ఆర్మూర్‌లో హుమేరా అంటే తల తిప్పి చూస్తారు, ఎందుకంటే హుమేరా మోగిందంటే మోగినట్టే. అది పోతే నేను మిల్లులో మోటారు స్విచ్ వేసే మనిషిని, అంతే.

పోస్టు తీసేయమని హుస్నా అంటోంది. తీయను. చేసింది దాచుకునే రకాన్ని కాదు.

మార్చి 21, ఈద్

షీర్ ఖుర్మా బాగా కుదిరింది. అందరూ వచ్చారు. అందరి పెదాల వైపే చూస్తూ మాట్లాడాను. ఇది కూడా ఎప్పటి నుంచో చేస్తున్నానని ఈ రోజే కనిపెట్టాను.

మార్చి 24

నిజామాబాద్‌లో చెవి డాక్టర్. చిన్నవాడు. గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపిస్తే బటన్ నొక్కమన్నాడు. నా అంత శ్రద్ధగా ఎవరూ నొక్కి ఉండరు. బయటికి వచ్చాక గీత గీసిన కాగితం చూపించాడు. గీత నడుమ దాకా సాఫీగా పోయి, అక్కడి నుంచి మిల్లు చప్టా వాలు లాగా కిందికి జారిపోయింది. రెండు చెవులకూ.

"బరువు శబ్దాలన్నీ బాగానే వినిపిస్తాయి. సన్నటివి పోయాయి. ఏం పని చేస్తారు?"

చెప్పాను. డ్రమ్ము సంగతి, డ్రమ్మును మించి పెట్టే హెడ్‌ఫోన్స్ సంగతి. ఆయన తల పట్టుకున్నాడు. నాతో గట్టిగా అరుస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను చెవిటిదాన్ని కాదండీ, కొన్ని చప్పుళ్లే పోయాయని ఇప్పుడే మీరు చెప్పారు కదా, మామూలుగా మాట్లాడండి అన్నాను. పోయింది తిరిగి రాదట. ఉన్నది కాపాడుకోవాలట. మిషన్లు పెట్టుకుంటే సన్న చప్పుళ్లు కొంత అందుతాయట, అలవాటు పడటానికి టైం పడుతుందట.

బస్సులో హుస్నా ఓదార్చింది. "మంచిగైంది ఆపా, నువ్వు స్కార్ఫ్ కట్టుకుంటవ్ గద. మిషన్ లోపటనే ఉంటది. ఎవలకు తెల్వదు."

"నేనేమన్న దొంగతనం చేసిన్నా దాచిపెట్టుకోనికి?"

మార్చి 25

అబ్బాకు చెప్పాను. ఆయన ఎదురుగా కూర్చుని, పెదాలు చూస్తూ.

"నాకు తెల్సు బేటా."

"ఎప్పటి సంది?"

"భీమవ్వ పసుపు నాడు. గంత దూరం కుర్చీల కూసున్నోనికి నాకే మోగింది. నీ చెవి కాడ మోగకపోవుడేంది?"

"మరి ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పనిస్తవా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయనకు నవ్వితే దగ్గు. నీళ్లు ఇచ్చాను. నా జీవితంలో నా గురించి ఇంత సరైన మాట ఇంకెవరూ అనలేదు. ఆయన చెవి తగ్గిందనుకున్నానని మాత్రం ఆయనకు చెప్పలేదు.

ఏప్రిల్ 3, శుక్రవారం

మిషన్లు వచ్చాయి. చిక్కుడు గింజంత ఉన్నాయి.

మొదట ఏడుపొచ్చింది, అంత ఘోరంగా ఉంది. లోకమంతా రేకు డబ్బాలో గులకరాళ్లు. హుస్నా గాజులు, ప్లాస్టిక్ కవరు, నా స్కార్ఫ్ నా చెవికే రాసుకునే చప్పుడు. కండక్టర్ టికెట్ చింపితే ఉలిక్కిపడ్డాను. ఆర్మూర్ ఇంత కిచకిచలాడుతుందని ఎవరూ చెప్పలేదు. లేదా చెప్పినా నాకు వినిపించలేదు.

మిల్లుకు వచ్చి, డ్రమ్ము ఆపించి, చిన్న స్పీకర్లో 'కల్లం' పెట్టాను. హెడ్‌ఫోన్స్ ముట్టుకోలేదు. అమ్మాయి పాడింది. ఆగింది. గాలి.

టింగ్.

సన్నగా. చాలా సన్నగా. కంచు గిన్నె. మళ్లీ. మళ్లీ రెండు వెంటవెంటనే. హుస్నా వేలు బల్ల మీద ఎక్కడెక్కడ పడిందో అక్కడే.

ఆ కొమ్ముల మధ్య నేను గుసగుస అనుకున్నది అబ్బా గొంతు. సగం గాలి, సగం మాట. స్వర్ణ ఏదో అడిగినట్టుంది, దానికి ఆయన చెబుతున్నాడు. "నాదేమున్నది బిడ్డా, నా చెవి ముసలిదైంది. గా బస్తాల కాడ నిలవడ్డది సూడు, నా బిడ్డ. చెవంటే గామెది. ఏర్గట్ల కాడికెల్లి వేల్పూర్ దాక అడుగు. గామె మోగింది అన్నదంటే మోగినట్టే."

టింగ్.

ఆ తర్వాత పాట లేస్తుంది.

ఈ పాటనే నేను ఖాళీ అన్నాను. నాకు మా అబ్బా ఇచ్చిన సర్టిఫికెట్‌ను రాష్ట్రమంతా విన్నాక, అందులో ఏమీ లేదని నేనే రాశాను. మిల్లు షెడ్డు వెనక్కి పోయి బాగా ఏడ్చాను. నా ఏడుపు చప్పుడు కూడా కొత్తగా ఉంది.

ఏప్రిల్ 4

పోస్టు పెట్టాను. స్కార్ఫ్ చెవి వెనక్కి మడిచి పిన్ను పెట్టి, మిషన్ కనబడేలా ఫోటో తీయించి దాని కింద రాశాను. 'కల్లం పాట మీద నా మాట తప్పు. పాత పోస్టు తీయను, చదివి నవ్వుకోండి. నాకు సన్న చప్పుళ్లు వినిపించడం మానేశాయి, నేను ఆ సంగతి ఒప్పుకోక పాటలను తిట్టాను. శంఖం సామెత నాకే చెల్లింది. ఇప్పుడు మిషన్ పెట్టుకుని విన్నాను. ఎండబోసినవి: మోగింది.'

మిల్లులో డ్రమ్ము దగ్గర పనిచేసే వాళ్లందరూ చెవులకు మోతను ఆపే కప్పులు పెట్టుకోవాలని కూడా రాశాను. మా హమాలీలకు రేపే తెప్పిస్తున్నాను. నవ్వితే నవ్వనీ.

స్వర్ణ మెసేజ్ పెట్టింది. "అక్కా, ఇంకో పాటకు రికార్డింగ్ ఉంది. ఈసారి కొమ్ములు నువ్వు ఇరవాలె."

ఆలోచించి చెప్తాను అన్నాను. వెంటనే ఒప్పుకుంటే అలుసైపోతాం.

ఏప్రిల్ 6

మిగతావి కూడా న్యాయంగా మళ్లీ విన్నాను. 'సగం ఛార్జింగ్': మోగింది, వాళ్లకు సారీ చెప్పాను. నా గీటురాయి ఆల్బంలో సైకిల్ గంట ఉంది, ఎక్కడికీ పోలేదు. యాప్ వాళ్ల మీద రాయకపోవడం మంచిదైంది.

'లిఫ్ట్ పనిచేయదు' మూడుసార్లు విన్నాను. తాళాలు తళతళలాడుతున్నాయి, ప్రతి 'స' స్పష్టంగా ఉంది. అయినా మోగలేదు. అది చెవి తప్పు కాదు, పాట తప్పు. మాట మీద నిలబడ్డాను.

ఏప్రిల్ 9

పొద్దున బస్సెక్కి ఏర్గట్ల పోయాను. భీమవ్వ కల్లంలో ఆఖరి పసుపు ఎండుతోందని తెలిసింది. ఆమె మా మిల్లుకు ఇక రాదని కూడా తెలుసు. పోకుండా ఉండటానికి నాకు దారిపొడుగునా ఎన్నో కారణాలు దొరికాయి, కానీ దిగాల్సిన చోట దిగాను.

ఆమె పారతో పసుపు తిరగేస్తోంది. నన్ను చూసి ఆపలేదు. కూలికి వచ్చిన ఆడవాళ్లు నలుగురు పని ఆపి చూస్తున్నారు. నేను కుప్ప దగ్గర కూర్చుని, మధ్యలోంచి కొమ్ము తీసి, కళ్లు మూసుకుని చెవి దగ్గర విరిచాను.

"మోగింది," అన్నాను.

"నా పసుపు అప్పుడు గూడ మోగింది."

"అవ్. మోగింది భీమవ్వా. నాకే ఇనబడలే. గా మాట చెప్పనీకే వచ్చిన."

ఆమె పార పక్కన పెట్టింది. దగ్గరికి వచ్చి నా చెవి వైపు వంగి చూసింది. "గదేంది?"

"చెవి. కొత్తది."

"నీ తండ్రి చెవి కంటె మంచిగ ఇనబడ్తదా?"

"గంత లేదు. గని నా పని నాకు నడుస్తది."

భీమవ్వ ఇంకో కొమ్ము ఏరి నా చేతికిచ్చింది. "మల్ల ఇరువు. గీ ఆడోళ్లందరు ఇనాలె." విరిచాను. మోగింది. "ఇన్నరా?" అని ఆమె కూలీల వైపు తిరిగి తల ఎగరేసింది. ఆ ఎగరేయడం నాకు బాగా తెలుసు. నేను కూడా అలాగే ఎగరేస్తాను. ఆ తర్వాత ఆమె ట్రాక్టర్ డ్రైవర్ను కేకేసింది. "ఎత్తుర్రి. ఆర్మూర్‌కే."

సాయంత్రం వరకు ఆమె సరుకు డ్రమ్ములో తిరిగింది. మిషన్లు తీసి డబ్బీలో పెట్టి అబ్బా జేబులో వేశాను, చెవులకు కప్పులు పెట్టుకున్నాను. డ్రమ్ము తిరిగినంతసేపు పాట లేదు. ఇది నాకు ఉపవాసం కంటే కష్టం. భీమవ్వ పసుపు బంగారంలా దిగింది, వేల్పూర్‌లో దిగినదాని కంటే మిన్న అని ఆమె నోటితో ఆమే అన్నది.

అందరూ వెళ్లాక మిషన్లు పెట్టుకుని, స్పీకర్ సర్దుకుని, రేపు రాబోయే ఆల్బం నుంచి ముందే వదిలిన పాట పెట్టాను. అబ్బా కుర్చీలో అటు తిరిగి, గోడ వైపు చూస్తూ, నాకు వినబడదనే ధైర్యంతో గొణిగాడు. "దీనికి గీ పాటల పిచ్చి ఎన్నడు తగ్గుతదో ఏమో."

"తగ్గదు," అన్నాను.

అబ్బా గిర్రున ఇటు తిరిగాడు.